ఏ పెట్టె ఏ పని చేస్తోంది?

అమెరికాలో టెనసీ రాష్ట్రానికి రాజధాని నాష్‌విల్. కంట్రీ సంగీతానికి ఆ ఊరు పుట్టిల్లు కాకపోయినా మెట్టినిల్లు. అక్కడి బ్రాడ్‌వే వీధిలో కంబర్లాండ్ నది వైపు దిగే భాగమంతా పక్కపక్కనే పాటల బార్లు. బార్ల ముందు నియాన్ దీపాల బోర్డులు, లోపల చిన్న చిన్న వేదికలు. పగలు మొదలైన పాట అర్ధరాత్రి దాటినా సాగుతూనే ఉంటుంది. ఒక బృందం దిగుతుంటే మరో బృందం ఎక్కుతుంటుంది. శ్రోతలు మెచ్చి పాత్రలో వేసే డబ్బులే అక్కడి వాద్యకారులకు పెద్ద ఆధారం.

ఆ వీధిలో ఒక కుర్రాడు పెడల్ స్టీల్ గిటారు వాయించేవాడు.

ఈ వాద్యాన్ని భుజానికి తగిలించుకోరు, ఒళ్లో పెట్టుకోరు. అది బల్లలాగా కాళ్ల మీద నిలబడుతుంది, వాయించేవాడు దాని ముందు కూర్చుంటాడు. ఎడమచేతిలో నున్నని ఉక్కు కడ్డీ ఉంటుంది. కుడిచేతి వేళ్లకు తొడుగులుంటాయి. ఎడమపాదం కింద పెడళ్లు, మోకాళ్లకు అటూ ఇటూ లివర్లు. వాటిని నొక్కితే తీగ మోగుతుండగానే ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతుంది. కుడిపాదం ఎప్పుడూ వాల్యూమ్ పెడల్ మీదే. వీణకున్నట్టు దీనికి మెట్లు లేవు. మెట్లు ఉండవలసిన చోట గీతలు మాత్రం గీసి ఉంటాయి. కడ్డీ ఆ గీత దగ్గర వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరిగితే శ్రుతి తప్పుతుంది. చేతులు, పాదాలు, మోకాళ్లు అన్నీ ఒకేసారి కదులుతుంటే వాటన్నిటినీ అదుపులో పెట్టేది చెవి ఒక్కటే.

మొదట్లో కుర్రాడి దగ్గర గిటారు, వాల్యూమ్ పెడల్, ఒక ఫెండర్ ట్విన్ రివర్బ్ యాంప్లిఫయర్ ఉండేవి. 85 వాట్ల శక్తి, 12 అంగుళాల స్పీకర్లు రెండు, ముప్పై కిలోలకు దగ్గరగా బరువు. ఒక రాత్రి కిక్కిరిసిన బారులో తన నాదం తనకే పొడిగా, పలచగా వినిపించింది. యాంప్‌లో ఉన్న రివర్బ్ చాలదనిపించి, మర్నాడే వెళ్లి విడిగా రివర్బ్ యంత్రం కొన్నాడు. విశాలమైన మందిరంలో వాయిస్తున్నట్టు గుంజన వచ్చింది. కుర్రాడు మురిసిపోయాడు.

అయితే ఆ గుంజనలో స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. "నీ వాయిద్యం వెనక్కి పోతోంది" అన్నాడు బృందం నాయకుడు. కుర్రాడు కంప్రెసర్ కొన్నాడు. గట్టి శబ్దాన్ని అణిచి, సన్నని శబ్దాన్ని పైకి లేపడం దాని పని. స్వరాలతో పాటు స్వరాల మధ్య దాగి ఉన్న హమ్మును కూడా అది పైకి లేపింది. హమ్మును ఆపడానికి నాయిస్ గేట్ వచ్చింది. శబ్దం ఒక మట్టం కంటే తగ్గగానే గేట్ దారి మూసేస్తుంది. స్టీల్ గిటారు అందమంతా స్వరం సన్నబడుతూ, సన్నబడుతూ ఆగే తీరులో ఉంది. గేట్ సరిగ్గా ఆ చివరనే కోసేసింది. కోసిన చోటు కనబడకుండా ఉండటానికి, స్వరాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించే డిలే వచ్చింది.

ఇన్ని పెట్టెల మధ్య ఇన్ని కేబుళ్లు తిరిగేసరికి నాదంలో మెరుపు పోయింది. పోయిన మెరుపును తెచ్చుకోవడానికి ఈక్వలైజర్ కొని, పై స్థాయి శబ్దాలను పెంచాడు. వాటితో పాటు బుసబుసమనే చప్పుడూ పెరిగింది. ఆ చప్పుడు వినబడనంత నిండుగా ఉండాలని కోరస్ పెట్టె, ఆ కోరస్ విశాలంగా పరుచుకోవాలని రెండో యాంప్లిఫయర్ వచ్చాయి. రెండు యాంప్లిఫయర్లను రెండు వేరు వేరు ప్లగ్గుల్లో పెట్టగానే వాటి ఎర్తు దారులు చుట్టుగా కలిసి కొత్త హమ్ము మొదలైంది.

మొదటి పెట్టె ఒక ఇబ్బందిని తీర్చడానికి వచ్చింది. ఆ తర్వాతవన్నీ అంతకుముందు పెట్టె తెచ్చిపెట్టిన ఇబ్బందిని తీర్చడానికి వచ్చాయి. కుర్రాడికి ఈ సంగతి తెలియలేదు. తన నాదం నానాటికీ మెరుగవుతోందనే అనుకున్నాడు.

ఒక శనివారం రాత్రి బారు నిండిపోయింది. తర్వాతి పాటకు ఎత్తుగడ స్టీల్ గిటారుదే. డ్రమ్ముల కుర్రాడు పుల్లలతో లెక్క ఇచ్చాడు. మనవాడు తీగలు మీటాడు. శబ్దం రాలేదు. నాయకుడు వెనక్కి తిరిగి చూశాడు. ఫిడిల్ వాయించే ఆమె పరిస్థితి గ్రహించి తానే పాట ఎత్తుకుంది. కుర్రాడు నేల మీద మోకాళ్లూని ఒక్కో కేబులూ కదిపి చూశాడు. ఒక్కో దీపమూ చూశాడు. ఆ పాట అయిపోయింది. తర్వాతి పాటా అయిపోయింది. ఎక్కడో రెండు పెట్టెల మధ్య జానెడు కేబుల్ తెగింది. అది ఏదో తేలేసరికి వాళ్ల సమయం ముగిసి, వేరే బృందం వేదిక ఎక్కుతోంది.

ఊరి చివర ఒక షెడ్డులో యాంప్లిఫయర్లు బాగుచేసే పెద్దాయన ఉండేవాడు. ఒకప్పుడు స్టూడియోల్లో స్టీల్ వాయించినవాడు. కుర్రాడు తన సరంజామా అంతా వాహనంలో వేసుకుని ఆయన దగ్గరికి వెళ్లాడు.

"వీటిలో ఇంకేమైనా పాడైందేమో చూడండి సర్."

పెద్దాయన పెట్టెల వరసను మొదటి నుంచి చివరిదాకా చూశాడు. "అది తర్వాత చూద్దాం బాబూ. ముందు ఇవన్నీ పక్కన పెట్టు. నీ గిటారు, వాల్యూమ్ పెడల్, ఇదిగో నా యాంప్. ఇంతే. నెమ్మదిగా నడిచే పాట ఒకటి వాయించు" అన్నాడు.

కుర్రాడు వాయించడం మొదలుపెట్టాడు. పల్లవి సగంలోనే ఆపేశాడు.

"మీ యాంప్‌లో ఏదో లోపం ఉంది సర్. నాదం ఎండిపోయినట్టుంది. శ్రుతి కూడా..."

మాట పూర్తి చెయ్యలేకపోయాడు. శ్రుతికీ యాంప్లిఫయర్‌కీ సంబంధం లేదని అతనికీ తెలుసు.

పెద్దాయన అదే ఆసనం మీద కూర్చున్నాడు. అదే గిటారు, అదే యాంప్. ఒక్క మీటా ముట్టుకోకుండా అదే పాట వాయించాడు. షెడ్డంతా నిండిపోయింది. కుర్రాడు చెవులతో కాక కళ్లతో వెతకడం మొదలుపెట్టాడు. ఆయన చేతులు చూశాడు. కడ్డీ వెనక ఆయన ఉంగరపు వేలు, చిటికెన వేలు తీగల మీద మెత్తగా ఆని ఉన్నాయి. అందువల్ల కడ్డీకి వెనకవైపు తీగలు గీరుమనడం లేదు. కుర్రాడి వేళ్లు మాత్రం ఎప్పుడూ గాలిలో ఉంటాయి. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే ముందు ఆయన కుడి అరచేతి అంచు తీగలను తాకి, పాత స్వరాన్ని ఆపి, కొత్త స్వరానికి చోటిస్తోంది. కుర్రాడు ఆ పని సగం సగం చేసేవాడు. నాదం మెత్తబడాలంటే ఆయన కుడిచేతిని తీగలు ఆని ఉండే వంతెనకు దూరంగా, పదునెక్కాలంటే దగ్గరగా జరుపుతున్నాడు. కుర్రాడు ఆ పనికి ఈక్వలైజర్ మీట తిప్పేవాడు.

"నీకు చెవి లేక కాదు బాబూ. నీ చెవికి నీ చెయ్యి వినబడక. రివర్బ్‌లో నువ్వు ఆపిన స్వరం ఆగదు, కొత్త స్వరంతో కలిసి మోగుతుంది. కడ్డీ కాస్త కిందకి పడినా ఆ గుంజనలో తేలిపోతుంది. కోరస్ సంగతి మరీ ఘోరం. నీ స్వరానికి నకలు తీసి, దాని శ్రుతిని పైకీ కిందకీ ఊపుతూ అసలుతో కలపడమే దాని పని. రెండు తీగలు సరిగ్గా కలవకపోతే అల అలగా కొట్టుకుంటాయి కదా? కోరస్ వేశాక అన్నీ అలలే. అందులో నీ అల ఏదో, దాని అల ఏదో ఎలా తెలుస్తుంది?"

ఈ మాటలో ఎంత లోతు ఉందో సంగీతం తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. సప్తకాన్ని పన్నెండు సమభాగాలు చేసే పాశ్చాత్య పద్ధతిలో మన అంతర గాంధారం స్థానం దాని సహజ స్థానం కంటే సుమారు అర్ధస్వరంలో ఏడోవంతు పైన ఉంటుంది. అందుకే చాలామంది స్టీల్ వాద్యకారులు ఆ స్వరాన్ని ట్యూనర్ చూపిన చోటికి కాస్త దిగువన, తీగలు కలిసి అలలు మానేసే చోట నిలుపుతారు. ఆ అలలు వినబడితేనే ఆ చోటు దొరుకుతుంది.

కుర్రాడు ఆ రోజు నుంచి కొన్ని వారాలు ఇంట్లో పెట్టెలు లేకుండా సాధన చేశాడు. మొదట్లో తన వాయింపు వినడం తనకే కష్టమయింది. మెల్లగా వేళ్లు దిగాయి, అరచెయ్యి కుదిరింది, కడ్డీ గీతను దాటకుండా నిలిచింది. అయితే కొత్తగా ఒక మతం పుచ్చుకున్నవాడికి ఉండే అత్యుత్సాహం అతనికి పట్టుకుంది. పెట్టెలు తగ్గిస్తేనే ఇంత మేలు జరిగితే అన్నీ తగ్గిస్తే ఇంకెంత మేలో అనుకున్నాడు. ముప్పై కిలోల ట్విన్‌ను ఇంట్లోనే వదిలి, చంకలో పట్టే చిన్న ట్యూబ్ యాంప్ ఒకటి పట్టుకుని బ్రాడ్‌వేకి వెళ్లాడు. దాని శక్తి 15 వాట్లు.

ఇంట్లో తేనెలా పలికిన ఆ చిన్న యాంప్, డ్రమ్ముల పక్కన కూర్చోగానే గొంతు చించుకుంది. వినబడాలంటే వాల్యూమ్ పెడల్‌ను ఆఖరుదాకా తొక్కక తప్పలేదు. ఆఖరుదాకా తొక్కితే తీగ మీటిన క్షణంలో శబ్దం పగిలిపోయింది, మరుక్షణం సన్నబడిపోయింది. సాగవలసిన చోట స్వరం సాగలేదు. కుర్రాడు మళ్లీ పెద్దాయన దగ్గరికి వెళ్లాడు.

"మీరు చెప్పినట్టే అన్నీ తీసేశాను సర్. అయినా నాదం రాలేదు."

"అన్నీ తీసెయ్యమని నేనెప్పుడు చెప్పాను? నీ నాదాన్ని నువ్వు వినడానికి అడ్డమైనవి తీయించాను. ట్విన్ నీకు ఏం అడ్డం చేసింది? బరువని తీశావు. తేలికగా మొయ్యడానికీ తేలికగా వాయించడానికీ తేడా లేదా?"

పెద్దాయన అతన్ని కూర్చోబెట్టి వాల్యూమ్ పెడల్ గుట్టు విప్పి చెప్పాడు. స్టీల్ వాయించేవాడు తీగ మీటేటప్పుడు పెడల్‌ను సగం దగ్గరే ఉంచుతాడు. మీటిన తాకిడి పెద్దగా వినబడదు. తీగలో ఊపు తగ్గుతున్న కొద్దీ పాదం నెమ్మదిగా కిందకి దిగుతుంది. తగ్గుతున్న శబ్దానికి పెరుగుతున్న పెడల్ తోడై స్వరం నిలకడగా సాగినట్టు వినబడుతుంది. పాడే మనిషి ఊపిరిని అదుపులో పెట్టి స్వరం నిలిపినట్టుండే ఆ గుణమంతా కుడిపాదం నుంచే వస్తుంది. అది జరగాలంటే యాంప్లిఫయర్‌లో వాడని శక్తి నిలవ ఉండాలి. సగం పెడల్ దగ్గరే యాంప్ అలిసిపోతే మిగతా సగంలో ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. మిసిసిపీ రాష్ట్రంలోని మెరిడియన్‌లో ఉన్న పీవీ సంస్థ స్టీల్ వాద్యకారుల కోసమే చేసిన సెషన్ 400, నాష్‌విల్ 400 యాంప్లిఫయర్లకు సుమారు 200 వాట్ల శక్తిని, 15 అంగుళాల స్పీకరును ఇచ్చింది ఇందుకే. అంత శక్తి చెవులు పగలగొట్టడానికి కాదు, ఏ స్వరమూ పగలకుండా ఉండటానికి.

"రేపు మధ్యాహ్నం నీ పాత సామానంతా బారుకు తీసుకురా. జనం రాకముందే చూద్దాం" అన్నాడు పెద్దాయన.

మర్నాడు ట్విన్ వేదికెక్కింది. పెద్దాయన స్టీల్ ముందు కూర్చుని ఒక తీగ మీటి, "ఏ రాత్రి నీకు నాదం పొడిగా అనిపించిందో ఆ రాత్రి యాంప్ ఎక్కడుంది?" అని అడిగాడు. ఇక్కడే, వెనక నేల మీద అన్నాడు కుర్రాడు. "నువ్వు కూర్చుని వాయిస్తావు, స్పీకర్ల శబ్దం నీ నడుముకు తగిలి పక్కలకు పోతోంది. నీ నాదం నీ వీపుకు వినబడింది, చెవికి వినబడలేదు" అంటూ ఆయన యాంప్ పక్కనున్న రెండు లోహపు కాళ్లు దించి దాన్ని వెనక్కి వాల్చాడు. స్పీకర్లు కుర్రాడి తల వైపు చూశాయి. ఆ కాళ్లు మొదటి నుంచీ దానికి ఉన్నాయి. అతను ఎప్పుడూ దించలేదు. రివర్బ్ యంత్రం కొనడానికి కారణమైన ఇబ్బంది అక్కడితో తీరిపోయింది.

"హమ్ము?" అన్నాడు కుర్రాడు. పెద్దాయన కిటికీలోని నియాన్ బోర్డు చూపించాడు. ఒకే చుట్టు ఉన్న పికప్ తీగల కదలికను పట్టుకున్నట్టే చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రాన్నీ పట్టుకుంటుంది. అమెరికా కరెంటు సెకనుకు 60 సార్లు ఊగుతుంది, ఆ ఊపే హమ్ముగా వినబడుతుంది. గిటారును కాస్త పక్కకు తిప్పి కూర్చోమన్నాడు. ఒక కోణం దగ్గర హమ్ము దాదాపు అణిగిపోయింది. రెండో యాంప్ లేదు కాబట్టి రెండో హమ్మూ లేదు. కంప్రెసర్ లేదు కాబట్టి మిగిలిన కాస్త హమ్మునూ పైకి లేపేవారు లేరు. గేట్‌కు ఇక పని లేకుండా పోయింది.

"మెరుపు పోయిందన్నావు కదా, అది పోయిన చోటు ఇది" అని గిటారు నుంచి బయలుదేరే మొదటి కేబుల్ పట్టుకున్నాడు. పికప్ నుంచి వచ్చే సంకేతం సున్నితమైనది. పొడుగాటి కేబుల్ దానిలోని పై స్థాయి శబ్దాలను మింగేస్తుంది. పాత పద్ధతి వాల్యూమ్ పెడల్ లోపలి పొటెన్షియోమీటర్ కూడా దాని మీద భారం వేస్తుంది. పెద్దాయన కేబుల్‌ను పొట్టిది చేసి, గిటారుకు పెడల్‌కు మధ్య అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దదైన బఫర్ పెట్టాడు. బఫర్ నాదానికి ఏమీ కలపదు, ఉన్నదాన్ని చివరిదాకా చేరుస్తుంది. మెరుపు తిరిగి వచ్చింది. ఈక్వలైజర్ పెట్టె మూత కూడా తెరవలేదు.

ఇక ఒకటే మిగిలింది. ఆ చిన్న వేదిక, పైన తక్కువ ఎత్తు కప్పు, ఎదురుగా జనం. ఆ బారులో మోగిన స్వరానికి జవాబు చెప్పే గోడ లేదు.

"ఇప్పుడు చెప్పు బాబూ. ఈ పెట్టెల్లో ఏది లేకపోతే ఏ పని ఆగుతుంది? బాగుంటుంది అని చెప్పకు. పని పేరు చెప్పు."

కుర్రాడు ఆలోచించాడు. "డిలే, సర్. ఈ గదికి లేని గోడను అది ఇస్తుంది. నెమ్మది పాటల్లో రెండు స్వరాల మధ్య ఖాళీని కొద్దిగా నింపుతుంది."

"మరి కోరస్?"

కుర్రాడు చాలాసేపు వెతికాడు. పని పేరు దొరకలేదు.

డిలే తిరిగి వచ్చింది. దాన్ని వాల్యూమ్ పెడల్ తర్వాత పెట్టారు, పాదం స్వరాన్ని మూసేసినా మారుమోత తనంతట తాను సన్నబడేలా. ఒకటి రెండు మారుమోతలు, అవీ అసలు స్వరం కంటే బాగా తక్కువ. "అది ఉన్నట్టు జనానికి తెలియకూడదు, తీసేస్తే మాత్రం నీకు తెలియాలి. అంతవరకే ఉంచు" అన్నాడు పెద్దాయన.

ఆ శనివారం కుర్రాడు అందరికన్నా ముందు సర్దుకుని కూర్చున్నాడు. స్టీల్ ఎత్తుగడ ఉన్న పాటను నాయకుడు కాస్త అనుమానంగానే పిలిచాడు. మొదటి స్వరం నుంచే ఆ గదిలో వాద్యం ఎక్కడుందో అందరికీ తెలిసింది. రాత్రి నడిమధ్యలో మళ్లీ ఒక కేబుల్ తెగింది. ఎంత మంచి కేబులైనా ఏదో ఒక రోజు తెగుతుంది. ఈసారి చూడవలసిన కేబుళ్లు కొద్దే కాబట్టి మొదటి చరణంలో పోయిన శబ్దం రెండో చరణానికి తిరిగి వచ్చింది. బారులో సగం మందికి ఏం జరిగిందో తెలియలేదు.

నీతి:

ఇబ్బంది వచ్చినప్పుడు ముందు దాని కారణాన్ని వెతకాలి, తర్వాతే మందు కొనాలి. ఉన్న ప్రతి వస్తువునూ పని అడగాలి. పని పేరు చెప్పలేనిదాన్ని తీసెయ్యాలి, చెప్పగలిగినదాన్ని ఎంత బరువైనా మొయ్యాలి.

ఈ కథను 'తక్కువ ఉంటే చాలు' అనే నీతిగా చదివితే రెండో భాగం వృథా అవుతుంది. కుర్రాడు రెండుసార్లు పొరబడ్డాడు. పెట్టెలు పెంచినప్పుడు ఏదీ ఎందుకో అడగలేదు. పెట్టెలు తీసేసినప్పుడూ అడగలేదు. మొదటిది ఆశ, రెండోది అత్యుత్సాహం. రెండింటిలోనూ లోపించింది విచారణ ఒక్కటే. శక్తి నిలవ ఉన్న యాంప్లిఫయర్, నమ్మకమైన వాల్యూమ్ పెడల్, పొట్టి కేబుల్ అనేవి ఈ వాద్యానికి ఆడంబరాలు కావు. వాటిని తగ్గించినవాడు నాదాన్ని తగ్గించుకున్నాడు.

స్టీల్ గిటారు చరిత్ర కూడా ఇదే మాట చెబుతుంది. 1954లో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ' పాటలో బడ్ ఐజాక్స్ మోగుతున్న తీగల స్వరాన్ని పెడల్‌తో మార్చి వినిపించాడు. విన్న వాద్యకారులు తమ గిటార్లకు పెడళ్లు తగిలించుకోవడానికి ఎగబడ్డారు. ఆ కొత్తదనం వాద్యంలోనే ఉంది, వాద్యానికీ స్పీకరుకీ మధ్య లేదు. అలాగని మధ్యలో ఏది పెట్టినా తప్పనీ కాదు. 1964లో పీట్ డ్రేక్ 'ఫరెవర్' పాటలో స్టీల్ శబ్దాన్ని గొట్టం ద్వారా నోటిలోకి పంపి, పెదవులతో మాటలుగా మలిచాడు. వాద్యం చేత మాట్లాడించడం ఆ గొట్టం పని. 1983లో బ్రయన్ ఈనో చంద్రయాత్రల చిత్రం కోసం చేసిన 'అపోలో' సంగీతంలో డేనియల్ లన్వా స్టీల్ గిటారు మారుమోతల్లో తేలుతూ వినబడుతుంది. అక్కడ అంతరిక్షపు శూన్యమే పాట. అమెరికాలో హౌస్ ఆఫ్ గాడ్ అనే సంప్రదాయపు చర్చిల్లో స్టీల్ వాయించేవారు యాంప్‌ను గర్జించనిస్తారు. భక్తుల ఆర్తిని మొయ్యడం ఆ గర్జన పని. వీరందరినీ పెద్దాయన ప్రశ్న అడిగి చూడండి, జవాబు వెంటనే వస్తుంది.

తెలుగువారికి ఈ సంగతి దూరమేమీ కాదు. మన గోటువాద్యానికీ మెట్లు లేవు. తీగల మీద జారే దిమ్మను చెవే నడిపించాలి. హవాయి నుంచి బయలుదేరిన స్టీల్ గిటారు పద్ధతి మన దేశానికి వచ్చి హిందుస్తానీ సంగీతంలో కలిసింది. విశ్వమోహన్ భట్ మోహన వీణ ఆ కలయిక నుంచే పుట్టింది. మెట్లు లేని వాద్యం ఏదైనా వాయించేవాడికి ఒక వరమూ ఒక పరీక్షా ఇస్తుంది. ఏ గమకమైనా పలికించవచ్చన్నది వరం. తప్పును పట్టుకునేది తన చెవి తప్ప మరొకటి లేదన్నది పరీక్ష. చెవికి అడ్డుతెర కట్టుకున్నవాడు ఆ పరీక్షలో తప్పడమే కాదు, తప్పానని తెలుసుకునే అవకాశం కూడా పోగొట్టుకుంటాడు. ఎకో పెట్టుకుని సాధన చేసే గాయకులకూ ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. కచేరీలో మైకు వాళ్లు ఎంత గుంజన కలిపినా పర్వాలేదు, సాధన గదిలో మాత్రం గొంతు గొంతులాగే వినబడాలి.

కనుక స్టీలైనా, వీణైనా, కీబోర్డైనా, వాద్యం ఉన్న ప్రతి పాఠకుడికీ నా విన్నపం ఇది. ఈ వారంలో ఒక సాయంత్రం మీ వాద్యానికీ స్పీకరుకీ మధ్య ఉన్నవన్నీ తీసి పక్కన పెట్టండి. మీకు బాగా వచ్చిన నెమ్మది పాట ఒకటి మొదటి నుంచి చివరిదాకా వాయించండి. వినబడిన లోపాలను కాగితం మీద రాసుకోండి. వాటిలో చేతివి ఏవో, కేబుల్‌వి ఏవో, గదివి ఏవో విడదీయండి. చేతి లోపానికి సాధన చెయ్యండి, కేబుల్‌ను మార్చండి, యాంప్‌ను మీ చెవి వైపు తిప్పండి. ఆ తర్వాత ఒక్కో పెట్టెనూ పని అడిగి, జవాబు చెప్పినదాన్నే తిరిగి లోపలికి రానివ్వండి.